సుపీరియర్ సరస్సు మీద నాలుగు తెడ్లు

ఆగస్టా వేర్ ఓడలో అందరికంటే ముందు లేచేది రాగ్నా. ఆమె పొయ్యి రాజేస్తేనే ఆ ఓడకు తెల్లవారినట్టు. భర్త హాల్వర్ చనిపోయిన ఏడాదే వంటమనిషిగా ఎక్కింది, ఇప్పటికి పదకొండేళ్లు. నలభై రెండేళ్ల మనిషి. మోచేతుల దాకా కాలిన మచ్చలు. మాట తక్కువ. పద్నాలుగు మంది మగవాళ్లకి మూడు పూటలా వండి పెట్టి, గిన్నెలు తోమించి, మంచం ఎక్కేది. సరస్సు వైపు కన్నెత్తి చూడాల్సిన పని ఆమెకి పెద్దగా ఉండేది కాదు.

అది చెక్క ఓడ. ఇరవై మూడేళ్ల కిందట ఓక్ దూలాలతో కట్టింది. పలకల సందుల్లో కుక్కిన నారని ఏటా వసంతంలో మార్చేవాళ్లు. అయినా నవంబరు వచ్చేసరికి ఎక్కడో ఓ చోట నీరు కారుతూనే ఉండేది. ముసలి ఓడకి ఆ మాత్రం చెమట పట్టదా అనేవాడు మేట్ పాస్కో. కెప్టెన్ తర్వాత పెద్ద అతనే. కార్న్‌వాల్ నుంచి వచ్చినవాడు, ఎర్ర గడ్డం, నోరు ఊరుకోదు.

1889 నవంబరులో, ఆ ఏటికి అదే ఆఖరి ప్రయాణం అనుకుని, సరస్సు దక్షిణపు ఒడ్డున ఉన్న మార్క్వెట్ రేవులో ఇనుము తీసే రాయి నింపుకుని తూర్పుకి బయల్దేరారు. రాత్రంతా ఈశాన్యపు గాలి వీచింది. పొద్దున రాగ్నా కాఫీ పోస్తుంటే కెటిల్ ఓసారి అటు, ఓసారి ఇటు వాలుతోంది.

"వంటమ్మా, ఈ కాఫీలో చెంచా నిలబడుతోంది," అన్నాడు పాస్కో.

"నీకంటే నయం. నువ్వు ఈ గాలిలో నిలబడలేకపోతున్నావు."

పాస్కో గడ్డంలో నవ్వుకున్నాడు. అప్పుడే కింద నుంచి సీవర్ట్ వచ్చాడు. రాగ్నాకి ఒక్కగానొక్క తమ్ముడు. ఇరవై నాలుగేళ్లవాడు, నార్వే నుంచి వచ్చి రెండేళ్లు కాలేదు. బాయిలర్ దగ్గర బొగ్గు వేస్తాడు. వాణ్ణి పంపుతూ తల్లి రాయించిన ఉత్తరంలో ఒకటే మాట ఉంది, వీణ్ణి నీ కళ్ల ముందు పెట్టుకో అని. డెక్ మీద చలికి వాడు తట్టుకోలేడని, కిందైతే వెచ్చగా ఉంటాడని, రాగ్నాయే కెప్టెన్‌ని అడిగి ఆ పనిలో వేయించింది.

"అక్కా, ఓ రొట్టె ముక్క పడెయ్. కూర్చునే తీరిక లేదు."

"బూట్లేమిటి అలా తడిశాయి?"

"కింద నీళ్లు."

"ఎంత లోతు?"

"చీలమండ దాకా. పంపు కొడుతూనే ఉన్నాం. రాయి పొడి అడ్డం పడుతోంది. ఇంజనీరు రూక్ గారికి తిట్టడానికి ఇంకో సాకు దొరికింది, అంతే."

పాస్కో ఈసారి నవ్వలేదు. కప్పు కింద పెట్టి, టోపీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. సీవర్ట్ రొట్టె నోట్లో కుక్కుకుని నిచ్చెన దిగాడు. వాడి తల మాయమయ్యేదాకా రాగ్నా చూసింది. తర్వాత బీన్స్ కడగడం మొదలుపెట్టింది.

తొమ్మిదింటికి మంచు పడింది. మామూలుగా పడలేదు, గోడ కూలినట్టు పడింది. వంటగది కిటికీలోంచి చూస్తే ఇంతకు ముందు కనపడిన తాళ్లు, పొగగొట్టం ఏవీ లేవు. తెలుపు ఒక్కటే. ఓడ మాత్రం గట్టిగా మూలుగుతోంది. చెక్కకి చెక్క రాసుకుంటూ, పంటి నొప్పితో ఉన్న మనిషి నిద్రలో మూలిగినట్టు. నేల పలకల మధ్య సందు తెరుచుకోవడం, మూసుకోవడం రాగ్నా కళ్లారా చూసింది. తెరుచుకున్నప్పుడు కింద నుంచి తడి బొగ్గు వాసన వచ్చింది.

కొంతసేపటికి కెప్టెన్ స్ట్రౌట్ వంటగది గుమ్మంలోకి వచ్చాడు. అరవై దాటినవాడు, పొడుగ్గా, వంగిన భుజాలతో ఉంటాడు. పదకొండేళ్లలో ఆయన ఆ గుమ్మం దాకా వచ్చింది మూడుసార్లో నాలుగుసార్లో.

"రాగ్నా, పొయ్యి ఆర్పెయ్. కోటు వేసుకో."

"సీవర్ట్..."

"అందరినీ పైకి పిలుస్తున్నాం. నువ్వు కోటు వేసుకో."

ఆమె పొయ్యిలో నీళ్లు పోసింది. ఆవిరి, బూడిద వాసన గదంతా నిండింది. సగం కాలిన రొట్టెలు బయటికి తీసి, బల్ల మీద వరసగా పెట్టి, పైన గుడ్డ కప్పింది. ఎందుకు కప్పిందో ఆమెకే తెలియదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అలా గుడ్డ అంచు సర్దుతున్నప్పుడే ఇంజన్ ఆగిపోయింది.

పదకొండేళ్లుగా కాళ్ల కింద ఆగకుండా కొట్టుకున్న చప్పుడు. అది లేని ఓడ ఎలా ఉంటుందో ఆమెకి తెలియదు. ఇప్పుడు తెలిసింది.

డెక్ మీద పాస్కో ఆమె రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్లాడు. చిన్న పడవ ఓడ పక్కన తాళ్లకి వేలాడుతోంది. ఆమెని ఎత్తి అందులో కూలేశాడు.

"కదలకు. కుర్రాణ్ణి నేను తీసుకొస్తా."

"కింద నీళ్లు ఎంత వచ్చాయి పాస్కో?"

అతను ఆమె ముఖం వంక ఓ క్షణం చూసి, మంచులోకి వెళ్లిపోయాడు. ఆ వెనకే వచ్చింది అల. ఓడ పక్కకి ఒరిగింది, ముందు తాడు తెగింది, తర్వాత వెనక తాడు. పడవ నీళ్ల మీద పడింది. రాగ్నా అడుగున బోర్లా పడి, దొరికిన చెక్కని వాటేసుకుంది. పైన ఏదో పగిలింది. చాలా పెద్దది. ఆ తర్వాత వేడి ఆవిరి ముఖానికి తగిలింది. బొగ్గు మసి వాసన. దాంతో పాటు, నమ్మినా నమ్మకపోయినా, సగం కాలిన రొట్టె వాసన.

తల ఎత్తి చూసేసరికి ఓడ లేదు. ఓడ ఉన్న చోట నీళ్లు నున్నగా, నూనె పోసినట్టు ఉన్నాయి. వాటి మీద మంచు పడుతోంది.

ఆమె ఏడవలేదు. తమ్ముడి పేరు పెట్టి పిలవనూ లేదు. మళ్లీ బోర్లా పడుకుంది. అడుగున నీళ్లు మోచేతుల దాకా ఉన్నాయి. మొదట కరిచాయి, తర్వాత కరవడం మానేశాయి. వేళ్లు తనవి కానట్టయ్యాయి. ఎంతసేపు గడిచిందో తెలియదు.

అప్పుడు వినిపించింది. కిర్రు... కిర్రు... తెడ్డు ఇనుప కొక్కెంలో తిరిగే చప్పుడు. నీళ్లలో మునిగి, లేచి, మళ్లీ మునిగి.

రాగ్నా లేచి కూర్చుంది. పడవ కదులుతోంది. ఎదురుగా రెండు అడ్డబల్లల మీద నలుగురు కూర్చుని తెడ్లు వేస్తున్నారు. దగ్గరి బల్ల మీద ఇంజనీరు రూక్. అతని పక్కన సీవర్ట్. వెనక బల్ల మీద పాస్కో, కెప్టెన్. అందరూ ఆమెకి ఎదురుగా ఉన్నారు. అందరి టోపీల మీద, భుజాల మీద మంచు.

"ఒరే... ఎప్పుడెక్కావు?"

సీవర్ట్ తల ఎత్తలేదు. "చుక్కాని పట్టుకో అక్కా," అన్నాడు మెల్లగా.

ఆమె వెనక్కి జరిగి చుక్కాని కర్ర చంకలో ఇరికించుకుంది. గుండె నిమ్మళించింది. ఎలా ఎక్కారు, ఎప్పుడు ఎక్కారు అని ఆలోచించలేదు. కళ్ల ముందున్నాడు, చాలు. ఒకటి... రెండు... ఒకటి... రెండు... అని లెక్క చెప్పడం మొదలుపెట్టింది. ఆ లెక్కకి నాలుగు తెడ్లూ కలిసి మునిగాయి, కలిసి లేచాయి.

"ఓడ వైపు పోనియ్ రాగ్నా," అన్నాడు కెప్టెన్.

"ఓడ లేదు కదండీ."

"ఓడ వైపు," అన్నాడు మళ్లీ. గొంతులో కోపం లేదు, తొందర లేదు. వంటగది గుమ్మంలో నిలబడి కోటు వేసుకో అన్నప్పటి గొంతే.

పదకొండేళ్లు ఆయన చెప్పినట్టు చేసిన మనిషి. కర్ర తిప్పింది. ఆ ఓడ ఎటుందో ఆమెకి తెలియదు, కానీ కర్ర దానంతటదే సర్దుకున్నట్టయింది. పడవ తిన్నగా పోతోంది.

చాలాసేపటికి ఆమె ఒకటి గమనించింది. తాను లెక్క చెప్పినప్పుడల్లా నోట్లోంచి ఆవిరి వస్తోంది. సీవర్ట్ తెడ్డు లాగినప్పుడల్లా వాడి నోట్లోంచీ వస్తోంది. రూక్ నోట్లోంచి రావడం లేదు. నోరు తెరిచే ఉంది. అందులోకి మంచు పడుతోంది. కరగడం లేదు.

పాస్కో వంక చూసింది. కెప్టెన్ వంక చూసింది.

మళ్లీ రూక్ వంక చూడలేదు.

భయం రావాలి. రాలేదు. కాళ్లలో, చేతుల్లో, పొట్టలో ఎక్కడా ఏమీ లేదు. దండెం మీద ఆరేసిన బట్టలా ఉంది లోపలంతా. ఒకటి... రెండు... అంది.

సీవర్ట్ నోటి ఆవిరి సన్నబడింది. ముందు గుప్పున వచ్చేది, ఇప్పుడు దారంలా వస్తోంది. పడవ ముందుకు పోయేకొద్దీ ఇంకా సన్నబడుతోంది. అప్పుడు వినిపించింది ఆమెకి, ఎక్కడో చాలా దూరంలో, తన వీపు వెనక... అలలు ఇసుక మీద విరుగుతున్న మోత. ఒడ్డు అటుంది. వీళ్లు ఇటు పోతున్నారు.

"సీవర్ట్, ఒడ్డు వెనక ఉందిరా."

"వింటున్నా."

"తిప్పనా?"

వాడు రెండుసార్లు తెడ్డు లాగాడు, మూడోసారి లాగాడు. "నా వెనక ఉన్నవాళ్లు వద్దంటారు అక్కా," అన్నాడు గుసగుసగా.

రాగ్నా కర్రని రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. పడవ అడ్డం తిరిగింది, అల ఒకటి పైకెక్కి ఆమెని నడుము దాకా తడిపింది. పడవ మొహం ఒడ్డు వైపు వచ్చింది. గాలి ఎప్పుడు మారిందో ఏమో, ఇప్పుడు ఒడ్డు మీద నుంచే వీస్తోంది, ఎదురుగాలి.

మూడు తెడ్లు ఆగిపోయాయి. సీవర్ట్ ఒక్కడే లాగుతున్నాడు. ఒక్క తెడ్డుతో పడవ గుండ్రంగా తిరుగుతోంది. మిగతా ముగ్గురూ తలలెత్తి ఆమె వైపు చూశారు. ఆ చూపుల్లో పగ లేదు. పగ ఉన్నా ఆమెకి కాస్త ఊరటగా ఉండేదేమో.

"అందరం ఒక్కచోట ఉండాలి రాగ్నా," అన్నాడు కెప్టెన్. "పద్నాలుగు మంది. నీతో పదిహేను."

"నేను రాను కెప్టెన్ గారూ. వీడూ రాడు."

జీవితంలో ఆమె ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. నీళ్లు పడవ అంచుకి దగ్గరగా వచ్చినట్టనిపించింది.

ఆమె పాస్కో వైపు తిరిగింది. "కుర్రాణ్ణి తీసుకొస్తానన్నావు. తీసుకొచ్చావా, లేదా?"

పాస్కో గడ్డమంతా మంచు గడ్డ కట్టింది. పెదవులు కదలడానికి చాలాసేపు పట్టింది.

"వెళ్లాను వంటమ్మా. తలుపు దాకా వెళ్లాను."

"అయితే లాగు. ఒడ్డుకెళ్లాక కాఫీ పెట్టిస్తా. చెంచా నిలబడేంత చిక్కగా. వేడిగా."

"వేడి..." అన్నాడు పాస్కో. ఆ మాట ఎక్కడో విన్నట్టు, గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "వేడంటే ఎలా ఉండేది?"

ఆమెకీ గుర్తు రాలేదు. "ఒకటి..." అంది.

పాస్కో తెడ్డు మునిగింది.

"రెండు..."

తర్వాత రూక్ తెడ్డు. చివరికి, చాలా చివరికి, కెప్టెన్ తెడ్డు కూడా కదిలింది. పడవ గాలికి ఎదురు నడిచింది. రాగ్నా ఇంక ఎవరి ముఖమూ చూడలేదు. తమ్ముడి నోటి ముందు తేలే ఆవిరి ఒక్కటే చూసింది. అది ఉన్నంతసేపు లెక్క చెప్పింది. గొంతు పోయింది. పెదవులతో చెప్పింది. నాలుగు తెడ్లూ తప్పకుండా మునిగాయి, లేచాయి. వెలుగు బూడిద రంగులోకి తిరిగింది. అలల మోత దగ్గరైంది... ఇంకా దగ్గరైంది... పడవ అడుగు ఇసుకకి కొట్టుకుంది.

ఆ దెబ్బకి ఆమె నీళ్లలో పడింది. మోకాళ్ల మీద పాకింది. కాళ్ల కింద నేల ఉందని కళ్లతో చూసి నమ్మాల్సి వచ్చింది, కాళ్లకి తెలియలేదు. వెనక నుంచి ఇంకా వినిపిస్తోంది. కిర్రు... కిర్రు... ఇసుకలోనే తెడ్లు వేస్తున్నట్టు.

ఆమె వెనక్కి తిరగలేదు.

సాయంసంధ్య వెలుగులో ఒడ్డు వెంట గస్తీ తిరుగుతున్న ఈనస్ టిబెట్ అనే మనిషి ఆమెని చూశాడు. ఓడలు పగిలితే మనుషుల్ని కాపాడే ఉద్యోగం అతనిది. తన కోటు తీసి కప్పాడు.

"మిగతావాళ్లు ఎక్కడమ్మా?"

"పడవలో."

అతను లాంతరు పట్టుకుని నీళ్ల దాకా వెళ్లి వచ్చాడు. ఆమెని భుజాన వేసుకుని ఇంటికి మోసుకెళ్లాడు. అతని భార్య ఆమె బట్టలు విప్పి, దుప్పట్లు చుట్టి, చలికి కొయ్యబారిన కాళ్లకి ఆ కాలపు వైద్యం ప్రకారం మంచు రుద్దింది. రుద్దుతుంటే రాగ్నా చూస్తూ కూర్చుంది, ఎవరి కాళ్లో అన్నట్టు.

మర్నాడు పొద్దున టిబెట్ ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"నిన్న రాత్రి పడవలో నలుగురున్నారన్నావు."

"తెడ్లు వేశారు."

"పడవలో నువ్వు తప్ప ఎవరూ లేరమ్మా." అతను కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "తెడ్లు నాలుగూ బల్లల కింద కట్టే ఉన్నాయి. ఓడ మీద కట్టిన ముడి కట్టినట్టే ఉంది. పైన రెండంగుళాల మందాన మంచు గడ్డ. గొడ్డలితో కొట్టి ఊడదీశాను. ఇప్పుడు మా షెడ్డు గోడకి వేలాడుతున్నాయి, కావాలంటే చూడు. ఆ ఎదురుగాలికి ఈ పడవ ఒడ్డుకి ఎలా వచ్చిందో నాకు తెలీదు. పన్నెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను."

రాగ్నా గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. అయితే సీవర్ట్ కూడా లేడు. అంతే కదా దానర్థం. ఆ మాట లోపలికి దిగింది, దిగినచోట చప్పుడు కాలేదు.

మధ్యాహ్నం మంచు మీద జారే స్లెడ్జి బండి వచ్చింది. తూర్పున ఎనిమిది మైళ్ల దూరంలో, విరిగిన ఓడ గది కప్పు ఒకటి ఇసుక మీదికి కొట్టుకొచ్చిందట. దాని మీద ఒక మనిషి, ప్రాణంతో. చుక్కాని గది కప్పు అది. నీళ్లు లోపలికి విరుచుకుపడినప్పుడు వాణ్ణి ఎవరో నిచ్చెన మీదికి తోసేశారని, స్పృహ తప్పేముందు వాడే చెప్పాడట. ఎవరో వాడు చూడలేదు. బండి మీద నుంచి దింపి తీసుకొచ్చి రాగ్నా మంచం పక్కన పడుకోబెట్టారు.

సీవర్ట్.

ఆమె చెయ్యి చాపి వాడి ముక్కు దగ్గర పెట్టింది. వెచ్చగా తగిలింది. నిన్నటి నుంచి ఆమెకి తగిలిన మొదటి వెచ్చదనం అదే. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు, చప్పుడు లేకుండా.

సాయంత్రానికి వాడు కళ్లు తెరిచాడు.

"గొంతు పోయిందా అక్కా?"

"పోయింది."

"పోదా మరి. రోజంతా లెక్క చెప్పావు."

టిబెట్ భార్య గిన్నె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వెక్కడున్నావురా నిన్న?" అంది రాగ్నా.

"కప్పు మీద. కట్టేసినట్టు పడుకునే ఉన్నా. కదల్లేదు." వాడు దుప్పటి కింద నుంచి చేతులు బయటికి తీశాడు. పిడికిళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. "ఇవి తెరుచుకోవడం లేదు. నువ్వు తెరువు."

ఒక్కొక్క వేలూ మెల్లగా విప్పింది. ఏడాదికి పైగా పార పట్టిన చేతులు, తోలులా మొద్దుబారిన చేతులు. ఆ అరచేతుల్లో చర్మం లేదు. బొబ్బలెక్కి, పగిలి, ఎర్రగా మాంసం కనిపిస్తోంది. రెండు చేతుల్లోనూ ఒకే గీత వెంట.

"నీ వెనక..." అంది రాగ్నా. మాట పూర్తి చేయలేదు.

"చూడలేదు. తెడ్డు లాగిన ప్రతిసారీ నా మెడ మీద చన్నీళ్లు పడేవి. వెనకవాళ్ల చేతుల నుంచి, ముందుకి వంగినప్పుడల్లా." వాడు కళ్లు మూసుకున్నాడు. నిద్రలోకి జారుతున్నాడు అనుకుంది. మళ్లీ తెరిచాడు.

"అక్కా, దిగేటప్పుడు వాళ్లకి ఆపమని చెప్పావా?"

రాగ్నా గుర్తు తెచ్చుకుంది. ఇసుక దెబ్బ. నీళ్లలో పడటం. పాకడం. వెనక కిర్రు చప్పుడు. చెప్పలేదు. ఆపండి అన్న ఒక్క మాట ఆమె అనలేదు.

ఓడలోని మిగతా పదమూడు మందిలో ఎవరి శవమూ ఆ ఒడ్డుకి రాలేదు.

నాలుగో రోజు, అక్కాతమ్ముళ్లని ఊరికి తీసుకెళ్లడానికి బండి కట్టారు. టిబెట్ బండి దగ్గర నిలబడి, చెప్పాలా వద్దా అన్నట్టు టోపీ చేతుల్లో తిప్పాడు.

"మీ పడవ లేదమ్మా," అన్నాడు చివరికి.

"అలలు లాక్కుపోయి ఉంటాయి."

"అలలు అందేచోట పెట్టలేదు. నలుగురం కలిసి ఇసుక దిబ్బ అవతలికి లాగి, బోర్లా తిప్పి పెట్టాం. తెడ్లు షెడ్డులోనే ఉన్నాయి. తెడ్లు లేని పడవ ఎవరికి పనికొస్తుంది?"

బండి దిబ్బ పక్క నుంచే వెళ్లింది. రాగ్నా తమ్ముడి చేతులు తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, గుడ్డలు చుట్టిన చేతులు. తెల్లవారుజామున పడిన మంచు ఇంకా చెదరలేదు. దిబ్బ మీద నుంచి నీళ్ల దాకా, పడవ అడుగు ఈడ్చిన గీత ఒకటే ఒకటి, లోతుగా, తిన్నగా పోయింది. దానికి అటుపక్క గాని, ఇటుపక్క గాని, అడుగుల జాడ ఒక్కటి లేదు.